ఆఖరి మాట పాపకే వదిలేయండి

ప్రశ్న: మాది కాకినాడ. మా పాప రెండో తరగతి చదువుతోంది. ఇంట్లో చిన్ని అని పిలుస్తాం. మొన్న స్కూల్లో ఇంగ్లీషు లిమరిక్కులు రెండు ఇచ్చి, వచ్చే శుక్రవారం క్లాసు ముందు నిలబడి అప్పజెప్పాలన్నారు. లిమరిక్ అంటే ఏమిటో నాకే తెలియదు. నెట్‌లో చూసి అర్థం చెప్పబోతే "గడ్డంలో పిట్టలు గూళ్లు కట్టడమేంటమ్మా?" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. బట్టీ పట్టిద్దామంటే ప్రతిసారీ మూడో లైను దగ్గర ఆగిపోయి ఏడుస్తోంది. నాకు ఒకటే టెన్షన్. ఇంత చిన్నపిల్లలకు ఇవి అవసరమా? నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగులో ఇలాంటివి ఉన్నాయా? వాళ్ల తమ్ముడు బుజ్జికి నాలుగేళ్లు. వాడూ పక్కనే కూర్చుని అన్నీ వింటుంటాడు.
ఒక తల్లి, కాకినాడ

సమాధానం:

అమ్మా,

మీ చిన్ని అడిగింది సరైన ప్రశ్నే. గడ్డంలో పిట్టలు గూళ్లు కట్టవు. ఆ సంగతి ఏడేళ్ల పిల్లకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఆ పద్యం విని పకపకా నవ్వాలి. నవ్వాల్సిన చోట మనం కూర్చోబెట్టి "అంటే ఏమిటంటే..." అని మొదలుపెట్టేసరికి అది పాఠమైపోయింది. ఈసారి అడిగితే అర్థం చెప్పకండి. "అవును కదే, రాత్రంతా అవి కిచకిచలాడుతుంటే ఆ తాతకు నిద్రెలా పడుతుందంటావ్?" అనండి. మిగతాది పాపే చూసుకుంటుంది. ఆ తాత తలస్నానం ఎలా చేస్తాడు, ఆవలిస్తే గుడ్లు జారి పడిపోవా, పెళ్లికి వెళ్లేటప్పుడు పిట్టల్ని ఎక్కడ వదిలి వెళతాడు, ఇవన్నీ తేల్చడానికి పిల్లలకు మన సాయం అక్కర్లేదు.

ఆ గడ్డం తాతను పుట్టించినాయన పేరు ఎడ్వర్డ్ లియర్. 1812 మే 12న లండన్‌లో పుట్టాడు. ఆయన అసలు పని బొమ్మలు వేయడం, అందులోనూ పక్షుల బొమ్మలు. ఇరవై ఏళ్ల వయసుకే చిలుకల మీద పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చాడు. లివర్‌పూల్ దగ్గర నోస్లీ అనే చోట డెర్బీ ప్రభువుకు సొంత జంతుశాల ఉండేది. అక్కడి పక్షుల్నీ జంతువుల్నీ గీయడానికి లియర్‌ను పిలిపించారు. పగలు ఆ పని. తీరిక దొరికితే ఆ ఇంటి పిల్లల్ని నవ్వించడానికి ఐదేసి పాదాల చిలిపి పద్యాలు, ఒక్కోదానికి ఒక్కో బొమ్మ. 1846లో అవి పుస్తకంగా వచ్చినప్పుడు దానిమీద తన పేరు కూడా వేసుకోలేదు. 'డెర్రీ డౌన్ డెర్రీ' అని ఒక ఆటపేరు పెట్టుకున్నాడు. ఆ మాదిరి పద్యాలు ఆయనకు ముందు కూడా ఉన్నాయి గానీ, ఇంటింటికీ చేర్చింది మాత్రం ఆయనే. చూశారా, క్లాసు ముందు నిలబడి అప్పజెప్పడానికి ఆయన ఒక్కటీ రాయలేదు. పక్కన చేరిన పిల్లల మొహాలు చూస్తూ రాశాడు.

లిమరిక్ అనేది ఐర్లండ్‌లో షానన్ నది ఒడ్డున ఉన్న ఊరు. లియర్ తన పద్యాలను ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో గానీ ఆ పేరు ఈ పద్యానికి స్థిరపడలేదు. ఇక దాని కట్టుబడి అంటారా, చాలా తేలిక. మొత్తం ఐదు పాదాలు. ఒకటి, రెండు, ఐదు పొడుగువి, ఆ మూడూ ఒకేలా ముగుస్తాయి. మూడు, నాలుగు పొట్టివి, ఆ రెండూ ఇంకోలా ముగుస్తాయి. మొదటి పాదంలో ఎవరో ఒకరు వస్తారు, చాలాసార్లు ఫలానా ఊరి నుంచి వస్తారు. రెండో పాదంలో వాళ్ల వింత బయటపడుతుంది. పొట్టి పాదాలు రెండూ గబగబా పరుగెడతాయి. ఐదో పాదంలో పల్టీ.

ఇది మీకోసం చెప్పాను. చిన్నికి ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పకండి. చిన్నికి మేడమెట్లు చాలు.

మీ ఇంట్లోనో అపార్ట్‌మెంట్‌లోనో పదహారు మెట్లు ఎక్కడున్నాయో చూడండి. లేకపోతే గదిలో పదహారు అడుగులు చాలు. పాప చెయ్యి పట్టుకుని ఈ పద్యం చెబుతూ ఎక్కండి. ఒక్కో మాటకు ఒక్కో మెట్టు.

తాతగారి ఊరు తణుకు
చలికి ఒకటె వణుకు వణుకు
పిల్లి వచ్చి
శాలు తెచ్చి
కప్పుకుంది తనకు తనకు!

మొదటి పాదంలో 'తాత, గారి, ఊరు, తణుకు' అని నాలుగు మెట్లు. రెండో పాదానికి నాలుగు. మూడో పాదానికి రెండే, నాలుగో పాదానికి రెండే. చివరిదానికి మళ్లీ నాలుగు. ఒక్కో మెట్టు మీద పడేది సంగీతం మాస్టార్లు చెప్పే 'తకిట'. ఈ మూడు దెబ్బల నడక మన పిల్లల ఒంట్లో ముందే ఉంది. చెమ్మచెక్క ఆడిన చేతులకు, ఒప్పులకుప్ప తిరిగిన కాళ్లకు దరువు కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. తణుకులో అంత చలి ఎక్కడిదని పాప అడిగితే సంతోషించండి, వింటోందన్నమాట.

ఇప్పుడు మీ అసలు సమస్యకు వస్తాను. పాప ప్రతిసారీ మూడో లైను దగ్గరే ఆగిపోతోందని రాశారు. అది మతిమరుపు కాదమ్మా. ఆ చోట పద్యం నడక మారుతుంది. మొదటి రెండు పాదాలు ఒకేలా ముగుస్తాయి కాబట్టి ఒకటి రెండోదాన్ని చెయ్యి పట్టి లాక్కొస్తుంది. మూడో పాదంలో పొడుగు తగ్గుతుంది, ప్రాస తెగిపోతుంది. పట్టుకున్న చెయ్యి వదిలేసినట్టవుతుంది. బట్టీ పట్టే ఏ పిల్లయినా సరిగ్గా అక్కడే తూలుతుంది. నోటితో మాత్రమే నేర్చుకున్న పిల్లకు అది గొయ్యి. కాళ్లతో నేర్చుకున్న పిల్లకు అదే గంతు. ఆ రెండు పొట్టి పాదాల్నీ మెట్ల మీద చకచకా ఎక్కించి చూడండి, అక్కడే పాపకు ఎక్కువ సరదా పుడుతుంది.

శుక్రవారం దగ్గరలోనే ఉంది కాబట్టి ఆ ఇంగ్లీషు లిమరిక్కులకు ఒక దారి చెబుతాను. ఇంగ్లీషులో పొడుగు పాదంలో గట్టిగా ఒత్తి పలికే చోట్లు మూడు, పొట్టి పాదంలో రెండు. ఒక్కో ఒత్తుకు ఒక్కో మెట్టు. పొడుగు పాదంలో నాలుగో మెట్టు మీద మాట ఉండదు, ఊపిరి తీసుకోవడమే. కాబట్టి అవీ ఆ పదహారు మెట్ల మీదే సరిపోతాయి. ముందు ఒకటి, రెండు, ఐదు పాదాలు మాత్రమే వరసగా చెప్పించండి. ఆ మూడింటి చివరా ఒకే మోత కాబట్టి ఒక్కరోజులో నోటికి వచ్చేస్తాయి. మర్నాడు బొబ్బట్టులో పూర్ణం పెట్టినట్టు మధ్యలో ఆ పొట్టివి రెండూ పెట్టండి. ఐదో పాదం ముందే వచ్చు కాబట్టి అది ఎదురుగా నిలబడి రా రమ్మంటుంది. పాప ఆగదు.

ఇంగ్లీషు మాటల అర్థాలన్నీ ముందే తెలియాలా అని మీకు సందేహం రావచ్చు. అక్కర్లేదు. లియర్ 1873లో మన దేశానికి వచ్చి ఏడాదికి పైగా తిరిగాడు. చెవిన పడ్డ మన మాటల్ని వాటి అర్థంతో సంబంధం లేకుండా, కేవలం మోత కోసం వాడుతూ ఒక పద్యం రాశాడు. అందులో ఒకావిడ ధోబీ మీద కూర్చుని సాయంకాలపు చుక్కను చూస్తూ ఉంటుంది. దారిన పోయే పంకాలు "ఎంత అందంగా ఉన్నావమ్మా" అని ఆమెను మెచ్చుకుంటూ వెళతాయి. ధోబీ, పంకా అంటే ఏమిటో తెలిసిన మనకు అది చదివితే నవ్వాగదు. తెలియని పిల్లలకు ఆ మోతే చాలు. మాట ముందు చెవికి నచ్చాలి. నచ్చిన మాట అర్థం ఏమిటని పిల్లలే మన వెంటపడి అడుగుతారు. అప్పుడు చెప్పండి, అంతకు ముందు వద్దు.

ఇది నాకు మొదట్నుంచీ తెలిసిన విద్య కాదు. ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తల్లో నేనూ నల్లబల్ల మీద లిమరిక్ రాసి, పక్కన కఠిన పదాలు, అర్థాలు రాసి, ఐదుసార్లు ఎక్కించుకు రమ్మన్నదాన్నే. పిల్లలు బుద్ధిగా రాశారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వు కోసం పుట్టిన పద్యం నలభై మంది పిల్లల మధ్య అంత నిశ్శబ్దంగా ఉండిపోవడం నాకు ఇప్పటికీ బాధే.

తర్వాత ఒక వానాకాలం మధ్యాహ్నం. ఒకమూల పైకప్పు కారుతోందని పిల్లలందర్నీ ఇంకో మూలకు జరిపి, బల్లల మీద దరువు వేయిస్తూ ఈ పద్యం చెప్పాను.

మామ ఊరు నల్లగొండ
భగ్గుమంది పైన ఎండ
గొడుగు లేదు
టోపి లేదు
తలకి తొడిగె పెరుగు కుండ!

మొదటిసారి విని నవ్వారు. రెండోసారి చెప్పేటప్పుడు చివర 'కుండ' అనకుండా ఆగాను. క్లాసంతా ఒక్క గొంతుతో "కుండ!" అని అరిచింది. మూడోసారి కావాలనే తప్పు చెప్పాను. "తలకి తొడిగె పెరుగు బిందె" అన్నాను. రెండో వరసలో ఒక పిల్ల ఉండేది. బడిలో చేరి రెండు నెలలైనా హాజరుకు కూడా చెయ్యెత్తడమే తప్ప నోరు తెరిచేది కాదు. ఆ పిల్ల లేచి నిలబడి, "బిందె కాదు టీచర్, కుండ!" అంది, నేనేదో అన్యాయం చేసినట్టు కోపంగా. కూర్చున్నాక ఇంకో సందేహం వచ్చి మళ్లీ లేచింది. "పెరుగు ముందే తినేశాడా, కారిపోయిందా?" అని. ఆ మధ్యాహ్నం ఇంకే పాఠమూ జరగలేదు. పెరుగు ఏమైందన్న దాని మీదే సాగింది. సగం మంది కారిపోయిందన్నారు. సగం మంది, ఎండకు అదే చల్లగా ఉంటుందని కావాలనే పోసుకున్నాడన్నారు. అందరూ పలకల మీద ఆ మామ బొమ్మ వేశారు.

అప్పట్నుంచీ నేను పట్టుకున్న పద్ధతి ఇదొక్కటే. ఆఖరి మాట నేను చెప్పను, పిల్లలకు వదిలేస్తాను. లిమరిక్‌లో ఆనందమంతా ఆ చివరి మాటలో ఉంటుంది. ముందు రెండు ప్రాసలూ విన్న చెవి మూడోదాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ ఎదురుచూపు పిల్లల్లో పుట్టాక ఆ మాట మనం అనేస్తే వాళ్ల చేతిలో లడ్డూ మనం లాక్కుని తిన్నట్టే. కాబట్టి ఆగండి. మొహం చూడండి. రెండు సెకన్లు, మూడు సెకన్లు ఆగండి. రాకపోతే పెదవులు ఆ మాట ఆకారంలో పెట్టి ఊరుకోండి. వేరే మాట చెబితే తప్పు అనకండి. 'కుండ' బదులు 'దండ' అంటే, తలకు పెరుగు దండ ఎలా తొడిగాడో కనుక్కోండి.

ఈ ఆటకు పాప పేరు పనికొస్తే ఇంకా మంచిది. చిన్ని అనే పేరు మీకు అదృష్టం, దానికి ప్రాసలు బోలెడు. ఇది రేపు ఉదయం జడ వేసేటప్పుడు చెప్పండి.

బామ్మ వేసె దోసెలెన్ని?
లెక్కపెట్టి చెప్పు, చిన్నీ!
కాకికొకటి
కోతికొకటి
చిన్ని పొట్టలోకి అన్నీ!

'చిన్ని పొట్ట' అంటే చిన్న పొట్టా, చిన్ని వాళ్ల పొట్టా? ఒకే మాటలో రెండూ ఉన్నాయని పాప ఎప్పుడో ఒకరోజు తనంతట తనే కనిపెడుతుంది. మీరు ముందే చెప్పేయకండి. ఆ కనిపెట్టిన రోజు పాప మొహం చూడాలి మీరు.

ఇంత చిన్నపిల్లలకు ఇవి అవసరమా అన్నారు. నా మటుకు నేను, నవ్వు ఒక్కటే వచ్చినా చాలంటాను. అయితే చదువు సంగతి కూడా మీ మనసులో ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. 1983లో ఇంగ్లండ్‌లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగైదేళ్ల పిల్లలు నాలుగు వందల మంది మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. మాటల్లో ప్రాసను, ఒకేలా పలికే ధ్వనులను ఆ వయసులో బాగా పట్టుకున్న పిల్లలు, తర్వాతి ఏళ్లలో చదవడంలో, స్పెల్లింగుల్లో ముందున్నారని తేలింది. మన పిల్లల విషయంలో ఇది ఇంకాస్త ముఖ్యం అనిపిస్తుంది నాకు. తెలుగులో అక్షరం ఎలా ఉంటే అలా పలుకుతాం. ఇంగ్లీషులో అలా కుదరదు. 'క్యాట్, హ్యాట్, మ్యాట్' అనే మాటల్లో తోక ఒకటేనని చెవి పట్టుకోగలిగిన పిల్లకు, కొత్త మాట ఎదురైనప్పుడు సగం పని అయిపోయినట్టే. ఆ చెవి తయారవ్వాలంటే ముందు తెలుగు ప్రాసలతో ఆడుకున్నా ఒకటే, ఇంగ్లీషు ప్రాసలతో ఆడుకున్నా ఒకటే. తెలుగుతో మొదలుపెడితే పాప భయపడదు, అంతే.

తెలుగులో ఇవి ఉన్నాయా అంటే, ఉన్నాయి. శ్రీశ్రీ ఈ పద్యాన్ని తెలుగులోకి తెచ్చుకుని దానికి 'లిమఋక్కు' అని పేరు పెట్టాడు. లిమరిక్‌లోని చివరి ముక్కను వేదంలోని ఋక్కుతో కలిపేసిన ఆ మాటలోనే ఉంది ఆయన అల్లరి. కానీ అవి పెద్దవాళ్ల చమత్కారాలు, చిన్నికి పనికిరావు. మీరు చదువుకోండి. ఆరుద్ర మన పాత కూనలమ్మ పదాల బాణీని తీసుకుని కొత్తవి రాశాడు. మూడు పొట్టి పాదాలు ఒకే ప్రాసతో వచ్చి, 'ఓ కూనలమ్మ' అని ముగుస్తాయి. లిమరిక్‌కు మన వైపు బంధువు ఎవరని అడిగితే నేను వాటినే చూపిస్తాను.

మీరే రాయడం మొదలుపెడితే ఒకచోట జాగ్రత్త పడండి. మన పద్యాల్లో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. లిమరిక్‌కు కావలసింది అంత్యప్రాస, పాదం చివర వచ్చేది. తెలుగులో అంత్యప్రాస మరీ తేలిగ్గా దొరికేస్తుంది. అదే చిక్కు. 'వచ్చాడు, చూశాడు, తిన్నాడు, పోయాడు' అని ఎన్నయినా రాసుకుంటూ పోవచ్చు. కానీ అవన్నీ క్రియల తోకలు, చెవికి ఏ ఆశ్చర్యమూ ఉండదు. 'తణుకు' తర్వాత 'వణుకు' వచ్చినప్పుడు కలిగే గిలిగింత 'వచ్చాడు' తర్వాత 'చూశాడు' వస్తే కలగదు. అందుకే పాదం చివర ఊరి పేరో, వస్తువు పేరో, తిండి పేరో పెట్టండి. పిల్లలు మాత్రం మొదట్లో 'ఆడు, ఆడు' అనే ముగిస్తారు. ముగించనివ్వండి. ఆ వయసులో అది కూడా గొప్పే. కొన్నాళ్లకు వాళ్లకే విసుగు పుట్టి వేరే మాటలు వెతుక్కుంటారు.

ఊరి పేర్లు మంచి ముడిసరుకు. బస్సులో వెళుతూ బోర్డులు చదువుతున్నప్పుడు ఈ ఆట ఆడొచ్చు. తుని అనగానే గని, పని, శని. పాలకొల్లు అనగానే ఇల్లు, ముల్లు, పల్లు, జల్లు. భీమడోలు అనగానే చాలు, పాలు, కాలు, వేలు. మాటలు దొరికితే కథ దానంతట అదే వస్తుంది. ముల్లు, ఇల్లు ఉన్నాక పాలకొల్లులో ఎవరికో ఏదో గుచ్చుకోక మానదు కదా. ముందు కథ అనుకుని తర్వాత ప్రాస వెతికితే పిల్లలు అలిసిపోతారు. ప్రాస ముందు, కథ వెనక.

బుజ్జి సంగతి. నాలుగేళ్ల పిల్లాణ్ణి ఏమీ చేయమనకండి. అక్కతోపాటు మెట్లు ఎక్కనివ్వండి, చప్పట్లు తప్పుగా కొట్టనివ్వండి. వాడి పని పొట్టి పాదాలు. 'పిల్లి వచ్చి', 'శాలు తెచ్చి' అన్నప్పుడు పిల్లిలా గదిలోకి వచ్చి తువ్వాలు తేవడం వాడికి అప్పజెప్పండి. ఏడాది తిరిగేసరికి పద్యం మొత్తం వాడికే ముందు వచ్చేసినా ఆశ్చర్యపోకండి. ఎవరూ నేర్పకపోవడం వల్లే అలా వస్తుంది.

రెండు విషయాల్లో మాత్రం మీరు కాపలా కాయాలి. మొదటిది, నెట్‌లో లిమరిక్కుల కోసం పాపను పక్కన కూర్చోబెట్టుకుని వెతకకండి. ఈ పద్యానికి ఇంకో ముఖం ఉంది. పెద్దవాళ్ల పార్టీల్లో చెప్పుకునే బూతు లిమరిక్కులు లెక్కలేనన్ని ఉన్నాయి, వెతికితే అవీ ఇవీ కలిసే వస్తాయి. ముందు మీరు చదివి, ఏరి, కాగితం మీద రాసుకుని ఇవ్వండి. లియర్ రాసినవైనా సరే అన్నీ పనికొస్తాయనుకోకండి. ఒకదాంట్లో రోజంతా గంట మోగిస్తున్న ముసలాయన్ను జనం చితక్కొట్టేస్తారు. కొందరు పిల్లలు దానికీ నవ్వుతారు, కొందరు రాత్రి పడుకోబోతూ "ఎందుకు కొట్టారమ్మా?" అంటారు. మీ చిన్ని ఎలాంటిదో మీకే తెలుసు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. ప్రాస ఒకసారి చేతికి వచ్చాక పిల్లలు దాన్ని పక్కవాళ్ల మీద ప్రయోగిస్తారు. మా బడిలో నా కళ్లముందే జరిగింది. లావుగా ఉన్న ఒక పిల్లాడి పేరుకు ప్రాస కుదిరింది. రెండు రోజుల్లో బడంతా అదే పాట. ప్రాస ఉన్న వెక్కిరింత మామూలు వెక్కిరింత కంటే ఎక్కువ కాలం అంటుకుని ఉంటుంది, ఎందుకంటే మర్చిపోవడం కష్టం. ఆ పిల్లాడు వారం రోజులు బడికి రాలేదు. తప్పు నాది, ఆట నేర్పి హద్దు చెప్పలేదు. ఆ తర్వాత నుంచి ఒకే నియమం పెట్టాను. లిమరిక్‌లో జంతువు ఉండొచ్చు, ఎక్కడా లేని తాత ఉండొచ్చు, రాసేవాళ్లే ఉండొచ్చు. క్లాసులో ఉన్న ఇంకొకరు ఉండకూడదు. రంగు, లావు, పొట్టి, నత్తి, వీటి మీద అసలే వద్దు. చిన్నికి ఇది మొదటి రోజే చెప్పండి. పిల్లలు నియమాన్ని ఇట్టే ఒప్పుకుంటారు, చెప్పకపోతేనే తెలియదు.

ఇక శుక్రవారం. పాప క్లాసు ముందు నిలబడి మధ్యలో ఆగిపోతే ఆగిపోనివ్వండి. ఇంటికొచ్చాక ఎంత మార్కు వేశారని అడగొద్దు. క్లాసులో ఎవరైనా నవ్వారా అని అడగండి. వీలైతే టీచరుగారికి ముందే ఒక మాట చెప్పండి, పాప ఐదో పాదంలో ఆఖరి మాట దగ్గర ఆగి క్లాసును అనమంటుందని. ఏ టీచరూ కాదనరు, నేనైతే ఎగిరి గంతేసేదాన్ని. అప్పుడు పాప ఒక్కతే నిలబడి అప్పజెబుతున్నట్టు ఉండదు. అందరూ కలిసి ఆడుతున్నట్టు ఉంటుంది, భయం సగానికి సగం తగ్గిపోతుంది.

రాత్రి పడుకునే ముందు బామ్మకు ఫోన్ చేసి చిన్ని నాలుగు పాదాలు చెబితే, ఐదోది బామ్మ చెప్పాలి. బామ్మకు రాకపోతే చిన్ని ఒక్క అక్షరం అందించాలి. మీ కుటుంబంలో ఫోన్ మాట్లాడనని పారిపోయే పిల్లలెవరైనా ఉంటే వాళ్లకూ ఈ మందు పనిచేస్తుంది.

మీ ఊరి రేవును తలుచుకుని చిన్నికోసం ఒకటి మొదలుపెట్టాను. పూర్తి చేయలేదు.

చీమ ఊరు కాకినాడ
ఎక్కబోయె పెద్ద ఓడ
ఓడవాడు
చూడలేడు

గోడ ఉంది, మేడ ఉంది, నీడ ఉంది, జాడ ఉంది. వీటిలో ఏది కావాలో, ఇవేవీ కాక ఇంకేదో కావాలో చిన్ని చూసుకుంటుంది. ఐదో పాదం రాశాక దాని కింద ఆ చీమ బొమ్మ కూడా వేయించి నాకు పంపండి. బొమ్మలో ఓడ ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, చీమ మాత్రం నాకు కనబడాలని చెప్పండి.